పిల్లల ఊసెత్తకూడని కారు

ఆవిడ పోయారన్న సంగతి మా అమ్మకి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో దీపం బొమ్మ పెట్టి కింద నాలుగు ముక్కలు రాశారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పదిహేనుమంది దండాలు పెట్టేశాక పదహారో మనిషికి అనుమానం వచ్చి, ఇంతకీ ఎవరండీ ఈవిడ అని అడిగాడు. మన షాంటిలీలో కారు నడిపేవారే, ఆవిడ, అని ఎవరో జవాబిచ్చారు.

డెబ్బై ఎనిమిదేళ్ళు బతికిన మనిషికి ఇంతేనా పరిచయం అని ముందు కోపం వచ్చింది. కాసేపాగితే సరిగ్గానే ఉందనిపించింది. రాయమంటే ఆవిడా అదే రాసుకునేవారు. కొడుకేం ఉద్యోగం చేస్తున్నాడో, మనవలెంతమందో అందులో లేనందుకు సంతోషించేవారు కూడా.

అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను. తినకపోతే ఎందుకు తినలేదని అమ్మ అడుగుతుందేమోనన్న భయంతో తిన్నాను. ఆ భయం ఎందుకో తర్వాత చెప్తాను.

మనిషి పొట్టి. స్టీరింగు మీదనించి రోడ్డు కనపడాలి కాబట్టి, పాత నేతచీరలు మడతలు పెట్టి కుట్టిన దిండు ఒకటి సీట్లో వేసుకునేవారు. మామూలు కళ్ళజోడు మీద ఇంకో నల్ల కళ్ళజోడు, శుక్లాల ఆపరేషనయ్యాక ఇచ్చే రకం, సగం మొహాన్ని కప్పేసేది. చీర కింద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. చలికాలమైతే చీర మీద మోకాళ్ళ దాకా కోటు. కారు బూడిద రంగుది, పాతది. స్టార్ట్ చేసే ముందు డాష్‌బోర్డుని అరచేత్తో రెండుసార్లు తట్టి, "పదమ్మా" అనేవారు, ఆవుని తోలుతున్నట్టు.

ఆ కారు ఎడమవైపు తిరిగేది కాదు. ఇక్కడ బళ్ళు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి కాబట్టి ఎడమవైపు తిరగాలంటే ఎదురుగా వచ్చే కార్లని దాటుకోవాలి, అది ఆవిడకి ఇష్టం లేదు. అందుకని ఎక్కడికెళ్ళాలన్నా కుడి, మళ్ళీ కుడి, మళ్ళీ కుడి. అయిదు నిమిషాల్లో వెళ్ళే లైబ్రరీకి ఇరవై నిమిషాలు పట్టేది. ఎడమవైపు తిరగడం నా జాతకంలో లేదండి అనేవారు. హైవే ఊసెత్తితే అటు నాకేం పన్లేదనేవారు. మాకు హడావుడేవుంది, వెనక ఎవరైనా తరుముతున్నారా అని మా అమ్మ ఆవిడ తరఫున నాతో వాదించేది.

డ్రైవింగ్ నేర్చుకున్నది అరవై మూడో ఏట, భర్త పోయాక. అంతకుముందు ఓ స్కూలు క్యాంటీన్లో పిల్లలకి భోజనాలు వడ్డించే ఉద్యోగం, అది నడిచి వెళ్ళే దూరం. మిగతా ఎక్కడికైనా ఆయనే తిప్పేవారు. ఆయన పోయిన నెలకి ఇంట్లో పాలు నిండుకున్నాయట. దేశానికి ఆ చివర సన్నీవేల్లో ఉన్న కొడుక్కి చెప్తే, వాడు అక్కణ్ణించే ఆర్డర్ పెట్టాడు. గంటలో పాలు గుమ్మంలో ఉన్నాయి. ఈ కథ ఆవిడ చాలాసార్లు చెప్పేవారు, ప్రతిసారీ ఒకేలా ముగించేవారు.

"పాలొచ్చాయండి. నేనే ఎక్కడికీ వెళ్ళలేదు."

మర్నాడే డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేశారు. టెస్టు మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కారు.

పగటిపూట మా వీధి ఎలా ఉంటుందో ఇంటినించి పని చేయడం మొదలెట్టాకే నాకు తెలిసింది. పిల్లలు స్కూళ్ళకీ, పెద్దవాళ్ళు ఆఫీసులకీ వెళ్ళిపోయాక మిగిలేది పార్సిల్ వ్యాన్లూ ముసలివాళ్ళూ. ఒక్కో ఇంటి కిటికీ వెనక ఒక్కో తల. సాయంత్రం ఎవరో ఒకరు కారేసుకుని వచ్చేదాకా ఆ తలలు అలాగే ఉంటాయి. ఈ దేశంలో ముసలితనం అరవైకో డెబ్బైకో రాదు, చేతిలో కారు తాళాలు లేని రోజున వస్తుంది. మా అమ్మకి దిగిన రోజే వచ్చేసింది. తెనాలిలో ఒక్కర్తీ ఆటో మాట్లాడుకుని ఊరంతా చక్కబెట్టుకొచ్చిన మనిషి, ఇక్కడ కరివేపాకు కావాలన్నా శనివారం దాకా ఆగాలి. పైగా ఉంటున్నది కూతురి ఇల్లు. అల్లుడు సోఫాలో కూచుంటే తను గదిలోంచి రాదు. ఆయన పాపం ఎన్నోసార్లు చెప్పి చూసి, చివరికి తనే సోఫాలో కూర్చోవడం మానేశాడు.

ఇలాంటివాళ్ళని ఆవిడ బుధవారం బుధవారం కారెక్కించుకునేవారు. మా అమ్మ, పక్క సందులో కొడుకు దగ్గరుంటున్న ఓ కరీంనగర్ పెద్దాయన, ఈ ఇద్దరూ ఖాయం. ఆరునెలల కోసం ఇండియా నించి వచ్చిన తల్లో తండ్రో ఎవరైనా ఉంటే నాలుగో సీటు వాళ్ళది. పదకొండంటే పదకొండుకే మా వాకిట్లో కారాగేది. లైబ్రరీ, ఇండియన్ గ్రోసరీలో టీ, చెరువు చుట్టూ ఒక రౌండు, ఒంటిగంటన్నరకి ఇంటికి. ముందు సీటు వంతులవారీగా, ఎంత మోకాళ్ళ నొప్పులున్నా సరే.

ఆ కారుకి ఒకటే నిబంధన. పిల్లల సంగతి ఎత్తకూడదు. గొప్పలూ వద్దు, ఏడుపులూ వద్దు. కోడలు పెట్టదన్నా, కొడుకు డైరెక్టరయ్యాడన్నా ఒకటే. స్కూల్లో అన్నేళ్ళు పిల్లలకి వడ్డించాను, పిల్లల గురించి వినే ఓపిక అక్కడే అయిపోయిందండి అనేవారు. అది పైకి చెప్పే కారణం. అసలు కారణం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేను ఊహించుకున్నదే. మన పెద్దవాళ్ళు ఇద్దరు ఇక్కడ కలిస్తే మొదటి ప్రశ్న, మీ పిల్లలేం చేస్తారండీ? రెండో ప్రశ్న, ఎక్కడుంటారు? మూడో ప్రశ్న ఉండదు. చెప్పేవాళ్ళ గురించి ఎవరూ అడగరు, వాళ్ళకీ చెప్పాలని తోచదు.

మొదటి బుధవారం మా అమ్మ ఎక్కగానే అడిగారట, మీరేం చేసేవారు వదినగారూ అని. నేనేం చేశాను, పిల్లల్ని పెంచానంది అమ్మ. అది కాదండి, అంతకుముందు, పోనీ ఆ పక్కన ఇంకేమన్నా, అన్నారట. అమ్మకి ఏమీ తట్టలేదు. ఇంటికొచ్చి వారమంతా ముభావంగా ఉంది. కారులో ఎవరితోనో మాటా మాటా వచ్చిందేమో అనుకున్నాను. పై బుధవారం జవాబు దొరికింది. పెళ్ళికి ముందు మా అమ్మ క్యారమ్స్ ఆడేది. ఆడేదంటే మామూలుగా కాదు, కాలేజీలో అమ్మ మీద గెలిచినవాళ్ళు లేరట, జిల్లా పోటీలకి కూడా పంపించారట. కూతుర్ని, యాభై ఏళ్ళదాన్ని, నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు.

ఆ తర్వాతి వారానికి ఆవిడ ఎక్కడో వెతికి క్యారమ్ బోర్డు ఒకటి డిక్కీలో పడేసుకొచ్చారు. లైబ్రరీలో వెనకవైపు గది అడిగి తీసుకునేవారు. మా అమ్మ వేళ్ళకి అప్పటికే కీళ్ళ నొప్పులు. అయినా కరీంనగర్ పెద్దాయన్ని ఒక్కసారి కూడా గెలవనివ్వలేదని ఆయనే నాతో చెప్పారు, కొంచెం కోపంగా.

ఓసారి నాలుగో సీట్లో హైదరాబాదునించి కొత్తగా వచ్చిన ఒకాయన ఎక్కాడు. నిబంధన ముందే చెప్పారు. అయినా నోరాగలేదు, కొడుకు కొన్న ఇంటి గురించి, అందులో బాత్‌రూములెన్నో, బేస్‌మెంట్లో సినిమా హాలెంతో మొదలెట్టాడు. ఆవిడ కుడి సిగ్నలు వేసి, ఓ చర్చి పార్కింగులోకి తిప్పి, ఇంజనాపి చేతులు కట్టుకు కూర్చున్నారు. ఆయన కంగారుపడి బండికేమైందండీ అన్నాడు.

"బండికేం కాలేదండి. పిల్లలు ఎక్కువయ్యారు, బరువు లాగలేకపోతోంది. మీరు దింపేస్తే బయల్దేరదాం."

ఆయన మొహం మాడ్చుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఎవరూ సర్ది చెప్పలేదు. చాలాసేపయ్యాక, చిన్నప్పుడు తను ఈల బాగా వేసేవాణ్ణని గొణిగాడు. ఆవిడ డాష్‌బోర్డు తట్టారు. గ్రోసరీ దాకా ఈల పాటేనట. ఆరునెలలూ అయి వెళ్ళిపోయే ముందు ఆయన ఈ దేశంలో చూసినవాటిలో ఆ కారే బావుందని మా అమ్మతో అన్నాడు, నయాగరా కూడా చూసొచ్చి.

కరీంనగర్ పెద్దాయన కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన నోరు తెరవడానికి నెలలు పట్టింది. అడిగినప్పుడల్లా, "ఏం జెప్పాలె అక్కా. స్తంభాలెక్కిన, దిగిన. గంతే" అనేవారు. ఒకరోజు గాలివానకి కొమ్మలు విరిగి మా పేటలో తీగల మీద పడ్డాయి. రిపేరు చేస్తున్నవాళ్ళని చూడగానే ఆయన కారాపించి దిగారు. ఎక్కాక మొదలెట్టి ఇంటికొచ్చేదాకా ఆపలేదు. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడు కరెంటు ఆపేసి, లైన్ క్లియర్ అని చెప్పాలి. ఆ మాట వినందే ఎక్కకూడదు. చెప్పేవాడు కనపడడు, ఎక్కడో ఉంటాడు. వాడి నోట్లోనే మన ప్రాణముంటుందని అమ్మకీ ఆవిడకీ వివరించారట. అప్పటినించీ లైన్ క్లియర్ అన్నది ఆ కారులో వాడుకమాటయింది. ఎవరికైనా బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా అదే మాట.

నా కథ కూడా అక్కడే మొదలైంది. ఒకరోజు భోజనాల దగ్గర అమ్మ నవ్వుతూ చెప్పింది. స్టాప్ సైన్ దగ్గర ఆవిడ, వదినగారూ ఎడమ ఏవిటి అని అడుగుతారట, ముందు సీట్లో అమ్మ మెడ తిప్పి చూసి ఎవరూ లేరంటుందట. తమ్ముడూ కుడి అనగానే వెనకనించి పెద్దాయన లైన్ క్లియర్ అంటారట. అప్పుడు బండి కదులుతుందట. ముగ్గురం కలిసి నడుపుతున్నామే అని అమ్మ గలగలా నవ్వింది. అంటే ఆవిడ పక్కలకి చూడలేకపోతున్నారని నాకప్పుడు తెలిసింది.

తర్వాతి బుధవారాలు నేను కిటికీలోంచి గమనించాను. ఓసారి వెనక్కి తీస్తూ మా చెత్తబుట్ట పడేశారు. పడేసినట్టు తెలీలేదు. ఇంకోసారి మా సందు చివర స్టాప్ సైన్ దగ్గర ఆగకుండానే తిరిగారు, పోస్టు వ్యాన్ వాడు గట్టిగా బ్రేకేసి హారన్ కొట్టాడు. ముందు సీట్లో ఉన్నది మా అమ్మ.

నా ఉద్యోగం ఓ పెద్ద ప్రాజెక్టులో రిస్కులు రాసిపెట్టడం. ఎక్కడేం దెబ్బతినొచ్చో ముందే పసిగట్టి, ఎవరు చూసుకోవాలో రాసి పెడతాం. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం, రాసే ముందు ఆ పని చేసే మనిషితో మాట్లాడమని. నేను రాసింది చూసి ఎవరూ ఉలిక్కిపడకూడదు. పదేళ్ళుగా ఇదే పాఠం చెప్తున్నాను.

ఆవిడకి చెప్దామని ఓ బుధవారం బయటికి వెళ్ళాను. వెళ్ళడం కొత్తేం కాదు. అమ్మకి సీటు బెల్టు పెట్టుకోవడం చేతకాదు, ప్రతివారం నేనే చెప్పుల్లేకుండా పరిగెత్తి పెట్టొచ్చేదాన్ని. ఆ రోజు బెల్టు పెట్టి, ఆంటీ, అని మొదలెట్టాను. ఆవిడ నల్ల కళ్ళజోడు పైకెత్తి, అమ్మాయ్, నీ దగ్గు తగ్గిందా అంటూ మరమరాల ఉండలున్న స్టీలు డబ్బా నా చేతిలో పెట్టారు. డబ్బా పట్టుకుని లోపలికొచ్చేశాను.

మా ఆయన ఆవిడ కొడుక్కి ఫోన్ చెయ్యమన్నాడు. చేస్తే ఆ వారమే వచ్చి తీసుకుపోతాడని నాకు తెలుసు. నాకు ఆవిడ వెళ్ళిపోవాలని లేదు, కారు మానేస్తే చాలు. ఇలాంటి పిచ్చి లెక్క ఎలా వేసుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. లైసెన్సులిచ్చే ఆఫీసువాళ్ళ వెబ్‌సైట్లో, ఫలానా మనిషికి మళ్ళీ పరీక్ష పెట్టండని కోరే ఫారం ఒకటి ఉంది. రెండు మీటింగుల మధ్య, లంచ్ టైములో నింపాను. పేరు బయటికి రాదన్న ధైర్యంతో పంపాను. మనకి పెద్దవాళ్ళంటే గౌరవం కదా, మొహమ్మీద చెప్పలేం. అందుకని వెనకనించి చెప్తాం.

ఆ తర్వాత బుధవారాలు నేను బయటికి వెళ్ళలేదు. కాల్ ఉందనో, తల స్నానమనో. అమ్మ బెల్టు ఆవిడే పెట్టేవారు, దిండు మీదనించి వంగి. నేను పైగదిలో కర్టెన్ పక్కన నిలబడి చూసేదాన్ని.

మళ్ళీ టెస్టుకి రమ్మని ఆవిడకి ఉత్తరం వచ్చింది. ఆవిడ దాన్ని దాచుకోలేదు, కారులో అందరికీ చూపించారట. లైన్‌మన్ పెద్దాయనకి చాలా కోపం వచ్చింది, ఎవడు రాసి పంపాడో వాడి చేతులు విరగ అన్నారట. నా పేరు కంప్యూటర్ తీసుంటుంది తమ్ముడూ, వయసు చూసి తీస్తుందది అన్నారట ఆవిడ. అమ్మ ఇంటికొచ్చి ఇవన్నీ చెప్తుంటే నేను తేలు కుట్టిన దొంగలా కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను.

టెస్టుకి ఆవిడ పట్టుచీర కట్టుకుని వెళ్ళారు. కళ్ళ పరీక్ష గట్టెక్కింది. రోడ్డు మీద పరీక్షాధికారి ఎడమవైపు తిప్పమన్నాడు. పద్నాలుగేళ్ళుగా తిరగని వైపు. తిప్పారు. ఎదురుగా వస్తున్న కారుని చూడలేదు, అవతలివాడే బ్రేకేసి ఆపుకున్నాడు. ఫోన్లో మా అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పారు, ఫెయిల్ చేయడం న్యాయమేనండి, నేనైనా చేస్తాను అని. ఇది నాకు కొంత ఊరటనివ్వాలి. నేను రాసింది తప్పు కాదని తేలింది కదా. కాని ఊరట రాలేదు.

నెల తిరక్కుండా కొడుకొచ్చాడు. మంచివాడే. కారూ ఇల్లూ అమ్మకానికి పెట్టి, తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. బయల్దేరే ముందు ఆవిడ మా ఇంటికొచ్చారు. సీట్లో దిండు మా అమ్మకిచ్చారు, మీ అమ్మాయి కారులో సీట్లు లోతండి, వేసుకోండి అని. క్యారమ్ బోర్డూ అమ్మకే. తర్వాత నావైపు తిరిగి, ఏమ్మా అమ్మాయ్, బావున్నావా అన్నారు. నల్ల కళ్ళజోడు లేదు ఆ రోజు. ఆ కళ్ళు నేనెప్పుడూ అంత సూటిగా చూడలేదు. బావున్నాను ఆంటీ అన్నాను. ఆవిడ ఇంకా అలాగే చూస్తున్నారు. ఆఫీసు కాల్ ఉందని చెప్పి మేడమీదకి వెళ్ళిపోయాను. కాల్ లేదు.

సన్నీవేల్‌నించి బుధవారాలు ఫోన్ చేసేవారు, మాకు పదకొండింటికి. అక్కడ ఎనిమిది. మూడో అంతస్తులో ఫ్లాటు. లిఫ్టులో కిందికెళ్ళి, తోట చూసి, లిఫ్టులో పైకొస్తున్నాను, ఇప్పుడదే నా డ్రైవింగండి అన్నారట. ఫోన్లో కూడా పిల్లల ఊసు రానిచ్చేవారు కాదు. మెల్లగా మాటలు తగ్గాయి. రోజంతా ఇంట్లో కూర్చున్నవాళ్ళకి పిల్లల ఊసు తీసేస్తే చెప్పుకోడానికి ఏముంటుంది?

ఇక్కడా అంతే. కౌంటీ వాళ్ళది, అంటే ఇక్కడి జిల్లా ఆఫీసుది, ముసలివాళ్ళని తిప్పే వ్యాన్ ఉంది. ముందే ఫోన్ చేసి, ఇంగ్లీషులో, ఎక్కడికి ఎందుకు ఎన్నింటికి అన్నీ చెప్పాలి. పెద్దాయన ఒకసారి వెళ్ళొచ్చి మళ్ళీ వెళ్ళలేదు. డ్రైవరు మంచోడేగాని ఏమీ అడగడు అన్నారు. క్యారమ్ బోర్డు మా అమ్మ మంచం కిందకి చేరింది. అమ్మ మళ్ళీ గదిలోకి చేరింది. శనివారాలు నేను గ్రోసరీకి తీసుకెళ్ళేదాన్ని, జాబితా పట్టుకుని, గబగబా. ఎడమవైపు తిరిగి, అయిదు నిమిషాల్లో.

ఆవిడ పోయిన కబురొచ్చిన మర్నాడు అమ్మ ఆ దిండుని ఎండలో వేసింది. నేను కాఫీ తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. అమ్మ దిండు మీద పొర చీర అంచు సరిచేస్తూ, నావైపు చూడకుండా చెప్పింది. టెస్టుకి ముందు బుధవారం పెద్దాయనకి జలుబు చేసి రాలేదు. కారులో ఇద్దరే. లైబ్రరీ ముందు ఎర్రలైటు దగ్గర ఆవిడ, మీ అమ్మాయి మూడు వారాల్నించి బయటికి రావట్లేదు వదినగారూ, అన్నారట. ఆ కారులో ఆవిడ నోట ఒకరి పిల్లల మాట రావడం అదే మొదలు. అమ్మకి అర్థం కాలేదు. ఆ తర్వాతి మాటకి అర్థమైంది.

"ఆ పిల్ల చేసింది తప్పు కాదండి. నాతో అనుంటే తాళాలు నేనే తన చేతిలో పెట్టేదాన్ని."

ఏడుపు రాలేదు, సిగ్గేసింది, ఒళ్ళంతా సిగ్గేసింది. పద్నాలుగు నెలలుగా ఈ మాట కడుపులో పెట్టుకుని ఎలా ఉన్నావమ్మా, నాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

"నువ్వే చెప్తావని చూశాను" అంది అమ్మ. "వెళ్ళేరోజు ఆవిడా చూశారు."

ఆఫీసు క్యాలెండర్లో బుధవారాలు పదకొండు నించి ఒకటిన్నర దాకా మీటింగులేవీ పెట్టకుండా గీత కొట్టేశాను. మొదటి బుధవారం అమ్మని ఎక్కించుకుని పెద్దాయన ఇంటిముందు ఆగాను. ముందు సీటు వంతు ఆయనదని అమ్మ వెనక్కి వెళ్ళింది. ఆయన ఎక్కి, బెల్టు పెట్టుకుని, నా మనవనికి కాలేజ్ల సీటొచ్చింది అని మొదలెట్టి, అలవాటుగా ఆగిపోయారు. చెప్పండంకుల్ ఫర్వాలేదు అన్నాను. వద్దులే, అక్క ఒప్పుకోదన్నారు.

కుడి, కుడి, కుడి. లైబ్రరీ ముందు ఎర్రలైటు పడింది. ఆపాను. అద్దంలో అమ్మ నన్నే చూస్తోంది.

"అంకుల్, ఆంటీ లైసెన్స్ గురించి ఆఫీస్‌కి రాసింది నేనే" అన్నాను.

లైటు మారింది. పార్కింగులో కారాపాను. క్యారమ్ బోర్డు దింపుతుంటే పెద్దాయన సాయం పట్టలేదు, పక్కన నిలబడి చూశారు. ఆట మొదలైంది. అమ్మ గెలిచింది. టీ తాగాం. తిరిగొచ్చి ఆయన ఇంటిముందు ఆపాను. మెల్లగా దిగి, తలుపు మూయకుండా పట్టుకుని నిలబడ్డారు. చేతులు విరగాలన్నది నన్నేనని ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది, నాకూ గుర్తొచ్చింది.

"వచ్చే బుధారం సుత పదకొండుకే వస్తవా బిడ్డా?" అన్నారు.

క్షమించి అడిగారో, వేరే దారి లేక అడిగారో నాకు తెలీదు. వస్తానన్నాను.